ఇరవై మూడో పేరు

నాకు ఇంగ్లీషు చదువ రాదు, రాయొస్తది.
నలభై ఏండ్ల సంది దుకాండ్లకు బోర్డులు రాసిన చెయ్యి ఇది.
ఎస్ అక్షరం పొట్ట ఎక్కడ తిరగాల్నో ఎరుకే,
ఆ పొట్టల ఏమున్నదో ఎవలన్న చెప్పాలె.

బొల్లారం చర్చి కమిటీ పిలిచింది మొన్న.
ఆదివారం కొత్త పాస్టరమ్మ వస్తున్నదట.
వెస్ట్రీ తలుపు పక్కన నిలువెత్తు టేకు పలక,
దాని మీద దొరల కాలం నుంచి
ఈడ పనిచేసిన పాదర్ల పేర్లు,
వచ్చిన ఏడు, పోయిన ఏడు.
ఇరవై రెండున్నయి. ఇరవై మూడోది నాది.
అక్షరానికి నలభై, అంకెకూ అంతే, రేకు ఖర్చు వేరే.

ఏసుపాదమని గంట కొట్టే ముసలాయన
నిచ్చెన పట్టుకొని కింద నిలబడి చదివి పెట్టిండు.
మొదటి పేరు హార్ట్‌వెల్. తొమ్మిది నెలలు.
"ఏడికి పోయిండు?" అన్న.
"ఏడికీ పోలే, గదో" అని ఎదురు గోడ చూపిండు.

తెల్లరాయి. ఓడల వచ్చిన రాయి.
చెక్కినోడు పనిమంతుడు, ఒక్క గీత వణకలే.
కలరా అని ఉన్నదట. ఇరవై తొమ్మిదేండ్లు.
దాని కింద చిన్నరాయి, తర్వాతి పాదర్ బిడ్డది:
ఐదు నెలల పదకొండు దినాలు.
దినాలు సుత లెక్కపెట్టిండు తండ్రి.
అప్పుడు సుత అక్షరానికింత అని ఉండెనో ఏమో.

ఎండదెబ్బకు ఒక లెఫ్టినెంటు,
గుర్రం తన్ని ఇంకొకడు,
పెండ్లయి వచ్చిన ఏడాదికే ఒక దొరసాని.
వీళ్ళ సొంతూర్ల గుడులల్ల సుత
గివే పేర్లు ఇంకో రాయి మీద ఉంటయంటడు ఏసుపాదం.
పేరు రెండు తావుల. మనిషి మాత్రం ఈడనే,
వేపచెట్ల కింద, రైలు పట్టాల చప్పుడుకు.

పలక సగం దాటినంక దొరలు ఆగి
అరవ పేర్లు, ఆ మీదట మనోల్ల పేర్లు.
కాని పదమూడుకూ పద్నాలుగుకూ నడుమ
ఒక వరుస ఖాళీ.
రాసినోడు తప్పు చేసిండనుకొని స్కేలు పెట్టిన.
తప్పు కాదు. సరిగ్గ ఒక పేరు పట్టేంత జాగ.

"పంతొమ్మిది వందల పద్దెనిమిది" అన్నడు ముసలాయన.
"మాయదారి జరం. పాదర్ దొర నీలగిరి పోయి మళ్ళ రాలే.
బొందలు తవ్వే పోచయ్యనే అందరినీ సాగనంపిండు.
రిజిస్టర్ల పేర్లు గుమాస్తా రాసిండు, నూట పన్నెండు.
ప్రార్థన చేసినది ఎవరు అనే గడిల
నూట పన్నెండు ఏలిముద్రలు."
"ఏం ప్రార్థన?"
"ఆయన బాప్తిస్మమే తీసుకోలే, ప్రార్థన ఏడ వస్తది.
మా తాత విన్నడట.
'పో బిడ్డా, పైలంగ పో' అనేటోడట.
కర్నల్‌కు అదే మాట, కుక్క పిలగానికి అదే మాట."

చాయ్ తాగి మళ్ళ ఎక్కిన.
జిగురు పూసి, అది అంటీ అంటనట్టు ఆరేదాక ఆగి,
ఊపిరి బిగవట్టి రేకు పెట్టాలె.
చార్మినార్ తాన వరఖ్ కొట్టే ఇంట్ల తెచ్చిన రేకు,
తుమ్మితే నూరు రూపాయలు గాలికే.
సలోమి దయామణి. పలకకు మొదటి ఆడమనిషి.
ఎస్ పొట్ట మంచిగ తిరిగింది.

ఏ బోర్డుకైన మూలకు లింగు ఆర్ట్స్ అని పెడత.
ఈడ వద్దన్నరు. సరే, దేవుని ఇంట్ల దుకాణమేంది.

దిగేటప్పుడు నిచ్చెన కదిలింది.
ముందుగాల కదిలింది నిచ్చెననే, ఒట్టు.
జిగురు బొటనవేలు ఆ ఖాళీ వరుసకు ఆనింది.
తుడుద్దామని సంచిల చెయ్యి పెడితే
గుడ్డ దొరకలే, మిగిలిన రేకు దొరికింది.

ఏసుపాదం తలెత్తి సూసి,
ఏమనకుంట గంట తాళ్ళ దిక్కు పోయిండు.

సోమవారం బిల్లు అడిగిండు ఖజాంచి.
అక్షరాలు లెక్క కలిసినయి, అంకెలు కలిసినయి.
రేకు ఒకటి ఎక్కువైందేందన్నడు.
వేస్టేజ్ అని రాసిచ్చిన.